వేసవి సినిమాల జోరు చూసి థియేటర్ క్యాంటీన్ లీజుకు తీసుకోవచ్చా? సీడెడ్‌లో (సినిమావాళ్ల లెక్కలో రాయలసీమ) అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ప్రొద్దుటూరు క్యాంటీన్ (జనవరి 2026, మొదటి వారం):

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్‌లో క్యాంటీన్ నడుపుతున్నాను. సమోసా, పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు, ఎండాకాలం వస్తే నన్నారి షర్బత్, సోడా. ఇన్నాళ్లూ వారానికి ఇంత అని ఓనరుకు కట్టేవాణ్ని. సినిమా ఆడకపోతే ఆ వారం ఆయన కొంచెం తగ్గించుకునేవాడు. ఇద్దరికీ ఇబ్బంది లేకుండా జరిగిపోయేది.

ఇప్పుడు పద్ధతి మార్చాలంటున్నాడు. మార్చి నడుమ నుంచి జూన్ ఆఖరు దాకా గుత్తగా మూడు లక్షలు, అందులో సగం ముందే అడ్వాన్స్. సంక్రాంతి లోపల మాట చెప్పాలి, లేదంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటున్నాడు.

ఆయన చూపించే లెక్క ఇది. ఉగాది మార్చి 19న. అదే రోజుకు టాక్సిక్, డెకాయిట్, ధురంధర్ రెండో భాగం తేదీలు వేసుకున్నాయి. 26న నాని ప్యారడైజ్. 27న రామ్‌చరణ్ పెద్ది. విశ్వంభర వేసవికే వస్తుందని చిరంజీవిగారే వీడియోలో చెప్పారు. జూన్ 25న ఎన్టీఆర్, ప్రశాంత్ నీల్ సినిమా. "ఇన్ని పెద్ద సినిమాలు ఒకే వేసవిలో ఎప్పుడైనా చూశావా? నీ డబ్బు మార్చి నెలలోనే వచ్చేస్తుంది" అంటాడు.

వింటుంటే నిజమే అనిపిస్తుంది. ఇంటికొచ్చి పడుకుంటే టెన్షన్ పట్టుకుంటుంది. పోయిన వేసవిలో ఒక పెద్ద సినిమా వస్తుందని సరుకు దించాను. అది రాలేదు. నూనె డబ్బాలు, కూల్‌డ్రింక్ కేసులు అలాగే ఉండిపోయాయి. ఇద్దరు పిల్లగాళ్లకు జీతాలు మాత్రం ఇవ్వాల్సి వచ్చింది. ఈసారి పెట్టేది మా ఆవిడ చీటీ ఎత్తిన డబ్బు. అందుకే అడుగుతున్నాను. ఈ వేసవిలో మన ఊళ్లలో నిజంగా హాలు నిండే వారాలు ఏవి? గుత్తకు ఒప్పుకోవచ్చా? ఏ సినిమా బాగుంటుందన్నది పక్కన పెట్టి, జనం ఎప్పుడు కదులుతారో మీకు తెలిసింది చెప్పండి.

నంద్యాల మెగా అభిమాని:

అన్నా, తీసుకోండి. పెద్ది ఒక్కటి చాలు. బుచ్చిబాబు దర్శకత్వం, రహమాన్ పాటలు. నవంబర్‌లో చికిరి పాట వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో పెళ్లి ఊరేగింపుల్లో, ఆటోల్లో, కాలేజీ ఫంక్షన్లలో అదే. పాట ఇంత ముందే జనంలోకి వెళ్లిందంటే ఓపెనింగ్స్ ఎట్లుంటాయో ఆలోచించండి. రంగస్థలం కూడా మార్చి 30నే వచ్చింది, 2018లో. పల్లెటూరి కథలో చరణ్ అన్న కనిపిస్తే సీమలో ఎలా ఆడుతుందో అప్పుడే చూశాం. మార్చి 27 అన్న పుట్టినరోజు, ఈసారి అదే రోజు శ్రీరామనవమి కూడా. మేము ముందు రోజు సాయంత్రం నుంచే థియేటర్ దగ్గర ఉంటాం. అన్నదానం, రక్తదానం అన్నీ అక్కడే. మీ క్యాంటీన్‌లో నీళ్ల సీసాలు కూడా మిగలవు.

కర్నూలు పాత రెప్:

ప్రొద్దుటూరు అన్నా, ఇది కొంచెం వివరంగా మాట్లాడాల్సిన విషయం. నేను డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు తరఫున రెప్రజెంటేటివ్‌గా పనిచేశాను, రీలు బాక్సులు బస్సు మీద వేసుకుని తిరిగిన కాలం నుంచి డిజిటల్ వచ్చాక కూడా. కర్నూలు, నంద్యాల, ఆదోని, ఎమ్మిగనూరు, డోన్. ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో చూసుకోవడం, రాత్రి సెకండ్ షో అయ్యాక లెక్క తేల్చుకుని డీసీఆర్, అంటే ఆ రోజు కలెక్షన్ రిపోర్టు పంపడం, ఇదే ఉద్యోగం. డీసీఆర్‌లో క్యాంటీన్ లెక్క ఉండదు. కానీ ప్రతి ఇంటర్వెల్‌కూ మేము నిలబడేది క్యాంటీన్ పక్కనే. కాబట్టి నీ వ్యాపారం ఎప్పుడు నడుస్తుందో కళ్లారా చూశాను.

నంద్యాల తమ్ముడి ఉత్సాహం నాకు ఇష్టం. సినిమాను బతికిస్తున్నది వాళ్లే. కానీ మొదటి రోజు హౌస్‌ఫుల్ బోర్డు క్యాంటీన్‌వాడికి అనుకున్నంత డబ్బు ఇవ్వదు. ఇంటర్వెల్ పదిహేను నిమిషాలు. నీకు రెండు కౌంటర్లు ఉంటే ఆ పదిహేను నిమిషాల్లో ఎంతమందికి అందించగలవో అంతే నీ అమ్మకం. హాల్లో ఎనిమిది వందల మంది ఉన్నా ఐదు వందల మంది ఉన్నా ఆ ఆటకు వచ్చే గల్లా దాదాపు ఒకటే. పైగా మొదటి రోజు కుర్రాళ్లు కాగితాలు చింపుతూ అరుస్తూ లోపలే ఉంటారు. నీ దగ్గర కొనేది ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడు. పిల్లవాడు పాప్‌కార్న్ అంటాడు, పెద్దావిడ సోడా అంటుంది, ఇంటాయన అందరికీ సమోసాలు పట్టుకుపోతాడు. అందుకని మూడు రోజులు ఊగిపోయే సినిమా కంటే, సగానికి పైగా నిండుతూ నాలుగు వారాలు నిలబడే సినిమా నీకు లాభం. నీ లెక్క ఇక్కడి నుంచి మొదలుపెట్టు.

ఇక తేదీల సంగతి. ఓనరు నీకు చదివి వినిపించినవన్నీ పోస్టర్ మీది తేదీలు. వాటిని నమ్మి అడ్వాన్స్ కట్టవద్దు. ఆర్ఆర్ఆర్‌కు మొదట వేసిన తేదీ 2020 జూలై 30. అది 2021 జనవరికి, అక్కణ్నుంచి అక్టోబర్‌కు, ఆ తర్వాత 2022 జనవరి 7కు జరిగి, ఆఖరికి మార్చి 25న వచ్చింది. కరోనా ఉంది కదా అంటావు. కల్కి సంగతి చూడు. 2024 సంక్రాంతికి అన్నారు, మే 9 అన్నారు, మే 13న మనకు పోలింగ్ పడింది, జూన్ 27న వచ్చింది. అంతెందుకు, మొన్న డిసెంబర్ 5న రావాల్సిన అఖండ 2 ముందు రోజు రాత్రి ప్రీమియర్ల వేళకు ఆగిపోయి 12న వచ్చింది. ఫ్లెక్సీలు కట్టాక, టికెట్లు అమ్మాక కూడా ఆగుతుందని అందరూ చూశారు.

సినిమా వాయిదా పడటానికి షూటింగ్ మిగిలిపోవడం ఒక్కటే కారణం కాదు. గ్రాఫిక్స్ చేతికి రావాలి. ఓటీటీ కంపెనీ తనకు అనుకూలమైన నెల చెబుతుంది, ఆ డబ్బు లేకపోతే నిర్మాతకు లెక్క కుదరదు. ఏ ఏరియాకు ఆ ఏరియా బయ్యర్లతో బేరం తెగాలి. ఫైనాన్షియర్ క్లియరెన్స్ ఇవ్వాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా తేదీ కదులుతుంది.

ఈ మార్చి చూడు. 19న మూడు, 26న ఒకటి, 27న ఒకటి. మన సీడెడ్‌లో పెద్ద సినిమాకు పెద్ద మొత్తం పెట్టి కొనగలిగిన బయ్యర్లు ఎంతమంది? ఒక రోజు తేడాతో రెండు పెద్ద సినిమాలు వస్తే ఆదోనిలో, ప్రొద్దుటూరులో థియేటర్లు ఎట్లా పంచుతారు? ప్యారడైజ్, పెద్ది రెండూ చెప్పిన తేదీకే రావని నా అంచనా. ఒకటి తప్పకుండా జరుగుతుంది, రెండూ జరిగినా ఆశ్చర్యపోను. జరిగినవాటిలో ఒకటైనా ఏప్రిల్ ఆఖరి వారం చూసుకుంటుంది.

జరిగినా నీకు నష్టం లేదు, ఇంకా మంచిదే. ఎందుకంటే మార్చిలో మన ఇళ్లల్లో పరీక్షలు. ఇంటర్ వాళ్లకు ఫిబ్రవరి 23 నుంచి మార్చి 24 దాకా. టెన్త్ వాళ్లకు మార్చి 16 నుంచి ఏప్రిల్ 1 దాకా. టెన్త్ చదివే పిల్ల ఉన్న ఇంట్లో టీవీకే గుడ్డ కప్పుతారు, సినిమాకు ఎవరు కదులుతారు? చిన్న తరగతులకు కూడా ఏప్రిల్‌లో వార్షిక పరీక్షలు అయ్యాకే సెలవులు. బడికి ఆఖరి రోజు ఏప్రిల్ 23. 24 నుంచి జూన్ 11 దాకా పిల్లలు ఇంట్లో ఉంటారు. అమ్మమ్మ ఊరికి వస్తారు. పెద్దవాళ్ల ప్రాణం తీసి సినిమాకు బయల్దేరదీస్తారు.

అడవిరాముడు 1977లో, పోకిరి 2006లో, బాహుబలి రెండో భాగం 2017లో, మూడూ ఏప్రిల్ 28నే వచ్చాయి. అది కలిసొచ్చే తేదీ అని ఇండస్ట్రీలో చాలామంది నమ్ముతారు. నాకు కనిపించేది సెలవులు. అప్పుడే బడి వదిలారు, ఇంకా నెలన్నర సెలవులున్నాయి, సినిమా బాగుంటే ఆడటానికి జాగా ఉంది. అదే ఏప్రిల్ 28న 2023లో వచ్చిన ఏజెంట్ నిలబడలేదు. కాబట్టి తేదీ జనాన్ని గుమ్మం దాకా తెస్తుంది, ఆ తర్వాత సినిమా చూసుకోవాలి. మే 9 కూడా అంతే. 1990లో జగదేకవీరుడు అతిలోకసుందరి ఆ రోజే వచ్చింది. అదే సమయానికి కోస్తాలో తుపాను. అయినా జనం వచ్చారు. 2018లో మహానటి కూడా మే 9నే. ఆడవాళ్లు గుంపులుగా మ్యాట్నీకి రావడం, అరవై దాటినవాళ్లు బాల్కనీ మెట్లు నెమ్మదిగా ఎక్కడం చాలా ఏళ్ల తర్వాత అప్పుడు చూశాను. నీకు కావాల్సింది అలాంటి సినిమా. అది ఏదో పోస్టర్ చూసి ముందే చెప్పడం కుదరదు.

ఈ ఏడాదికి మాత్రమే ఉన్న విషయం ఇంకొకటి ఉంది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. పంచాంగం తీసి చూడు. ఇప్పుడు శుక్రమూఢం నడుస్తోంది, ఫిబ్రవరి నడుమ దాకా పెళ్లిళ్లు లేవు. ఆ తర్వాత మొదలవుతాయి. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, మళ్లీ ముహూర్తాలు ఉండవు. అంటే ఆగి ఉన్న పెళ్లిళ్లన్నీ ఫిబ్రవరి ఆఖరు నుంచి మే నడుమ దాకా తోసుకుని వస్తాయి. దీనివల్ల నీకు రెండు. మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఫస్ట్ షో పల్చబడుతుంది, సమోసాలు వేసే మాస్టర్లు కేటరింగ్‌కు వెళ్లిపోతారు. వాళ్లకు ఇప్పుడే చెప్పిపెట్టుకో. రెండోది, మే 17 తర్వాత పెళ్లిళ్ల తిరుగుడు ఆగుతుంది, పిల్లలకు ఇంకా మూడు వారాల సెలవులు ఉంటాయి. ఎండకు ఊరెళ్లేవాళ్లు తక్కువ, సాయంత్రానికి ఎక్కడికైనా పోదామంటారు. ఆ వారాల్లో ఒక మోస్తరు కుటుంబ సినిమా పడితే చాలు. ఏటా మే ఆఖర్లో మన దగ్గర సినిమాలు వెలవెలబోతాయి, ఈసారి అలా ఉండదని నా నమ్మకం.

ఐపీఎల్ కూడా మార్చి ఆఖర్లో మొదలై మే ఆఖరు దాకా ఉంటుంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆడే రాత్రుల్లో కుర్రాళ్లు సెకండ్ షోకు రారు. ఏటా ఉండేదే, దానికి భయపడాల్సిన పనిలేదు.

మొత్తం మీద నా లెక్క చెబుతాను. ఉగాది నాలుగు రోజులు బాగుంటుంది. మార్చి ఆఖరు ఫ్యాన్స్‌ది, అదీ సినిమా వస్తే. ఏప్రిల్ మొదటి మూడు వారాలు నీరసం. ఏప్రిల్ 24 నుంచి మే 31 దాకా నీ సంపాదన. గుత్త మాటకు వస్తే మూడు లక్షలకు ఒప్పుకోవద్దు. ఏప్రిల్ ఆఖరు నుంచి గుత్తగా ఇస్తానని, అంతకుముందు వారాలకు పాత పద్ధతిలోనే కడతానని అడుగు. పెద్ద సినిమా వాయిదా పడి పాత సినిమాయో డబ్బింగో వేసుకోవాల్సి వస్తే ఆ వారానికి కోత ఉంటుందని కాగితం మీద రాయించుకో. నోటి మాట వద్దు.

ఆదోని బాల్కనీ:

రెప్ అన్న చెప్పిన దాంట్లో ఒకటి కలపాలి. రంజాన్. ఈసారి ఫిబ్రవరి మూడో వారంలో ఉపవాసాలు మొదలై, నెలవంకను బట్టి మార్చి 20 లేదా 21న పండగ. ఉగాది, రంజాన్ పక్కపక్కన పడుతున్నాయి. మా ఆదోనిలో గానీ కర్నూలు, కడపలో గానీ రంజాన్ నెలలో ఫస్ట్ షోకు ముస్లిం కుర్రాళ్లు దాదాపు రారు. ఇఫ్తార్, తరావీ నమాజులు. ఆ నెలంతా దాచుకున్న సరదా పండగ మధ్యాహ్నం నుంచి బయటికి వస్తుంది. కొత్త బట్టలు వేసుకుని, అత్తరు పూసుకుని, అన్నదమ్ములంతా కలిసి మ్యాట్నీకి వస్తారు. పండగ ఈదీ డబ్బులు చేతిలో ఉంటాయి. ఆ రెండు రోజులు సరుకు తక్కువ చేయవద్దు.

అందుకే మార్చి 19 వారాన్ని రెప్ అన్న కంటే నేను కొంచెం ఎక్కువ లెక్క వేస్తాను. పైగా మా వైపు, రాయదుర్గం, హిందూపురం, మడకశిర వైపు కన్నడ వచ్చినవాళ్లు ఎక్కువ. టాక్సిక్ హీరో యష్ సినిమా అంటే మాకు బయటి సినిమా కాదు. 2022 ఏప్రిల్‌లో కేజీఎఫ్ రెండో భాగానికి మా దగ్గర జరిగింది చూసినవాళ్లకు తెలుసు. ప్రొద్దుటూరులో ఆ లెక్క వేరే ఉండొచ్చు.

పప్పుశనగ డబ్బు కూడా చూసుకోండి. మా నల్లరేగడి పల్లెల్లో ఫిబ్రవరి, మార్చిలో పంట ఇంటికొస్తుంది. రేటు బాగుంటే ఉగాదికి ట్రాక్టర్లలో సినిమాకు వస్తారు. గోడౌన్లలో పెట్టుకోవాల్సి వస్తే రారు.

అనంతపురం సెకండియర్:

నేను డిగ్రీ సెకండియర్, హాస్టల్లో ఉంటాను. అందరూ హీరోల గురించి, తేదీల గురించి చెప్పారు. మా లాంటివాళ్లు ఎప్పుడు వస్తారో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

పెద్ద సినిమాకు మొదటి వారం మేం రాము. ప్రభుత్వం నుంచి జీవో తెచ్చుకుని మొదటి పది రోజులు రేటు పెంచుతారు. నలుగురం కలిసి వెళితే మా నెల ఖర్చులో సగం పోతుంది. మా ఇంట్లో అయినా అంతే. నాన్న పదకొండో రోజు దాకా ఆగుతారు. ఆలోపు సినిమా బాగాలేదని తెలిస్తే నాలుగు వారాలు ఆగితే ఫోన్‌లో వస్తుంది కదా అని వదిలేస్తారు. బాగుందని తెలిస్తే మాత్రం అమ్మ, పిన్ని, పిల్లలు అందరం కదులుతాం. అన్నా, మీ క్యాంటీన్‌కు అసలు వారం ఆ పది రోజుల తర్వాతదే. రేటు తగ్గాక వచ్చే మొదటి శని, ఆదివారాలు రాసిపెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్‌కు జీఎస్టీ 5 శాతం అయింది, వంద దాటితే 18. మన ఊళ్లలో నేల, సెకండ్ క్లాస్ టికెట్లు వంద లోపే ఉంటాయి. ఆ సీట్లలో కూర్చునేవాళ్లు టికెట్ దగ్గర మిగిలిన నాలుగు డబ్బులు మీ కౌంటర్ దగ్గర ఖర్చు పెడతారు.

రెప్ సార్, పరీక్షల గురించి మీరు చెప్పింది చాలావరకు నిజం. అయినా కోర్ట్ సినిమా 2025 మార్చి 14న, సరిగ్గా పరీక్షల సమయంలో వచ్చి ఆడింది. పెద్ద హీరో లేడు. పరీక్ష అయిన సాయంత్రం మా సీనియర్లు బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్లారు. సెప్టెంబర్‌లో లిటిల్ హార్ట్స్‌కు మా హాస్టల్ సగం వెళ్లింది. మహావతార్ నరసింహకు మా చిన్నాన్న పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లారు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఎవరూ ముందుగా వేసిన లెక్కలో లేదు. ఈ వేసవిలో కూడా అలాంటిది ఒకటి వస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. దాని పేరు ఇప్పటికి ఎవరికీ తెలియకపోవచ్చు. మే నెలలో పెద్ద సినిమా ఏదైనా తప్పుకుంటే ఆ ఖాళీలోకి వస్తుంది. 2025 మే 9న శ్రీవిష్ణు సింగిల్ వచ్చి అలాగే నవ్వించి నిలబడింది.

ఇంకొక మాట. అమ్మాయిలు ఏ థియేటర్‌కు వెళ్లాలో తేల్చుకునేది సినిమాను బట్టి మాత్రమే కాదు. బాత్రూమ్‌లో నీళ్లున్నాయా, తలుపుకు గడియ ఉందా, సెకండ్ షో వదిలాక పార్కింగ్‌లో లైట్లు వెలుగుతాయా అని చూస్తాం. మా హాస్టల్‌లో ఏ హాలు మంచిదో ఈ మూడింటి మీదే తేలుతుంది. మీ ఓనరు మూడు లక్షలు అడుగుతున్నాడు కదా, ఆయన్ను మీరు ఇవి అడగండి. ఇవి బాగుంటే ఆడవాళ్లు వస్తారు, ఆడవాళ్లు వస్తే పిల్లలు వస్తారు, మీ గల్లా నిండుతుంది.

ప్రొద్దుటూరు క్యాంటీన్:

అందరికీ చాలా థ్యాంక్స్. ఒక్కొక్కరు చెప్పింది కాగితం మీద రాసుకున్నాను. అనంతపురం అమ్మా, బాత్రూమ్, లైట్ల సంగతి ఈరోజే ఓనరు చెవిన వేశాను. ఆయన కూతురు కూడా కాలేజీలో చదువుతోంది, అందుకని గట్టిగానే విన్నాడు. ఆదోని అన్నా, రంజాన్ రెండు రోజులకు పిల్లగాళ్లను అదనంగా పెడతాను. మా ఊళ్లోనూ ఆ సందడి ఉంటుంది.

రెప్ అన్నా, మీరు చెప్పినట్టు అడిగాను. ఏప్రిల్ 24 నుంచి గుత్త, అంతకుముందు వారం రేటు అంటే సగం ఒప్పుకున్నట్టే ఉన్నాడు. వాయిదా కోత రాయడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు. "నా చేతిలో లేనిదానికి నేనెందుకు కోత పెట్టుకోవాలి" అంటున్నాడు. జూన్ ఆఖరు దాకా కలిపి తీసుకుంటే మొత్తంలో ఇరవై వేలు తగ్గిస్తానంటున్నాడు, ఎన్టీఆర్ సినిమా ఉంది కదా అని. మా ఊళ్లో ఆ సినిమాకు ఎంత క్రేజ్ ఉంటుందో మీకు తెలుసు. జూన్ కలుపుకోమంటారా?

నంద్యాల మెగా అభిమాని:

అన్నా, పెద్ది మార్చి 27నే వస్తుందని నా నమ్మకం. ఒకవేళ ఏప్రిల్ ఆఖరుకు వెళ్లినా రెప్ అన్న చెప్పిన సెలవుల్లోనే పడుతుంది కాబట్టి మీకు మంచిదే. మా వాళ్ల సంగతి నాకు తెలుసు, రెండో వారం ఇంట్లోవాళ్లను తీసుకుని మళ్లీ వస్తారు.

కర్నూలు పాత రెప్:

ప్రొద్దుటూరు అన్నా, ఓనరు మాటలో న్యాయం లేకపోలేదు. వాయిదా పడితే ఆయనకూ దెబ్బే. పెద్ద సినిమా రాకపోతే కరెంటు బిల్లు, జీతాలు, జనరేటర్ డీజిల్ ఆయన నెత్తి మీదే పడతాయి, వారానికి డెఫిసిట్ వస్తుంది, అంటే వచ్చింది ఖర్చుకు చాలదు. అందుకని కోత అనే మాట తీసెయ్యి. "ఏప్రిల్ 24 తర్వాత ఏ వారమైనా కొత్త సినిమా లేక ఆటలు తగ్గిస్తే, ఆ రోజులు చివర్లో కలుపుకుంటాను" అని అడుగు. ఆయన జేబులోంచి రూపాయి పోదు, నీకు రోజులు పోవు. దీనికి ఒప్పుకుంటాడు. నా కాలంలో సైకిల్ స్టాండ్ గుత్తలు ఇలాగే రాసుకునేవాళ్లు.

జూన్ కలుపుకోవద్దు. 12న బడులు తెరుస్తారు. ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు. ఆ రెండు వారాలు మన దగ్గర ఏ ఇంట్లోనూ చేతిలో డబ్బు ఆడదు. తొలకరి పడితే పల్లెలన్నీ విత్తనాల పనిలో ఉంటాయి, వేరుశనగ విత్తనకాయల కోసం క్యూలు. ఎన్టీఆర్, నీల్ సినిమా జూన్ 25న వచ్చిందా, పండగే. సింహాద్రి నుంచి సీమలో ఆయన సినిమాకు ఓపెనింగ్స్ ఎలా ఉంటాయో నేను దగ్గరుండి చూశాను. కానీ నీల్ సినిమాలు చెప్పిన తేదీకి రావడం తక్కువ. ఇరవై వేల తగ్గింపు కోసం రాని సినిమాకు అడ్వాన్స్ కట్టినట్టవుతుంది. గుత్త జూన్ 11తో ఆపు. ఆ సినిమా తేదీ ఖాయమై, బుకింగ్ తెరిచాక దానికి విడిగా మాట్లాడుకుందామని, మొదట నిన్నే అడగాలని ఓనరుతో మాట తీసుకో.

సరుకు విషయం కూడా చెబుతాను. కూల్‌డ్రింక్ కేసులు ఏప్రిల్ 20 దాటాకే దించు, ఏజెన్సీవాళ్లతో తిరిగి తీసుకునే షరతు పెట్టుకో. నన్నారి ఎసెన్స్ మాత్రం మార్చిలోనే కొను, మేలో రేటు పెరుగుతుంది. ఐసు ఎవరు వేస్తారో ఇప్పుడే ఖాయం చేసుకో. మే నెలలో మ్యాట్నీ ఇంటర్వెల్‌కు ఐసు అయిపోతే ఆ ఆట అమ్మకం పోయినట్టే.